మూత పెట్టిన చెయ్యి

“ఆసిడ్ సీసా ఎక్కడుంటుందో నీకు తెలుసు.”

“తెలుసక్కా. మా అందరికీ తెలుసు. పంపులకు పట్టిన సున్నం కడగడానికి వారానికోసారి వాడతాం.”

“మొన్న సాయంత్రం దాన్ని ముట్టుకున్నావా?”

“లేదు.”

కాలిచా ఆ ఒక్క మాటను కాగితంపై రాసుకుని, బల్లకు అవతల కూర్చున్న జిపార్ చేతులను పరిశీలించింది. ఉప్పునీటిలో నాని నాని వేళ్ల కణుపుల దగ్గర చర్మం పగిలింది. ఆసిడ్ మచ్చ మాత్రం ఒక్కటీ లేదు. అయితే మచ్చ లేకపోవడం సాక్ష్యం కాదని, నేరపరిశోధన ప్రయోగశాలలో ఇరవై రెండేళ్లు రసాయనాలు పరీక్షించి పదవీ విరమణ చేసిన కాలిచాకు ఎవరూ చెప్పనక్కరలేదు. జిపార్ తరఫు న్యాయవాది ఆమెను నియమించి పదహారు గంటలు గడిచాయి. ఇప్పుడు సమయం ఉదయం తొమ్మిదీ పది. మధ్యాహ్నం రెండు గంటలకు జిపార్‌ను కోర్టులో నిలబెడతారు. ఆలోగా చూపడానికి ఏమీ దొరకకపోతే ఆ అమ్మాయి రెండు నెలలు జైలులో ఉంటుంది. ఆపైన విచారణ, మనిషి చావుకు కారణమైన నేరం కింద.

నేరారోపణలో ఉన్న కథ పొట్టిది. బిష్కెక్‌లోని సముద్రజీవుల ప్రదర్శనశాలలో ఉప్పునీటి విభాగపు పెద్ద తెమిర్‌కుల్ నిన్న ఉదయం నేలమాళిగలో, నిలవ నీటి డ్రమ్ము పక్కన శవమై కనిపించాడు. వయసు అరవై ఒకటి. ఒంటిమీద దెబ్బ లేదు. డ్రమ్ములోని నీరు పుల్లబడి ఉంది. ముందురోజు సాయంత్రం ఐదింటికి ఆయన శిష్యురాలు జిపార్ ఆయనతో అందరి ముందూ గొడవపడింది. రాత్రి ఎనిమిదీ పదికి ఆమె కార్డుతో వెనుక తలుపు తెరుచుకుంది. కక్షతో నీటిలో ఆసిడ్ పోసిందనీ, అది కళ్లారా చూసిన ముసలాయన గుండె ఆగిపోయిందనీ కేసు దర్యాప్తు చేస్తున్న పోలీసు మేజర్ ఎర్మెక్ రాశాడు.

“నీ కార్డు ఏమైంది?”

“మాస్టారి బల్ల మీద విసిరికొట్టి వెళ్లిపోయా. రేపట్నుంచి రాకు పొమ్మన్నారు కదా, కోపం వచ్చింది.”

“గొడవ దేనికి?”

“మూత కోసం.”

కాలిచా కలం ఆగింది. “ఏ మూత?”

“నిలవ డ్రమ్ము మూతక్కా. ఉప్పు కలిపిన నీళ్లను చల్లగా, కదపకుండా, గాలి తగలకుండా బిగించి ఉంచాలంటారు మాస్టారు. వాడబోయే ముందు గంటసేపు తిప్పితే చాలట. నాకది ముసలి చాదస్తం అనిపించేది. మూత తీసేసి, హీటర్ పెట్టి, పంపు నడుపుతూ నాలుగు రోజులు ఉంచేశా. ఎప్పుడు కావాలంటే అప్పుడు వెచ్చగా సిద్ధంగా ఉంటాయని. క్షారత ఎనిమిది పాయింట్ నాలుగు నుంచి ఆరు పాయింట్ తొమ్మిదికి పడిపోయింది.”

“పడితే ఏమవుతుంది?”

“పగడం ఎముక కట్టుకునేది దాంతోనే. ఇవాళ ఎనిమిది, రేపు ఏడు అంటే దానికి దిక్కు తోచదు. పచ్చి చర్మం ఊడిపోయి తెల్లగా చచ్చిపోతుంది.”

“పడిపోయినది ఎక్కడికి పోయింది?”

“సున్నమై హీటరుకి పట్టుకుంది. మాస్టారు ఆ హీటరు పైకి లాగి నా ముక్కు కింద పెట్టారు. ‘చూడవే, నా పగడాలు తినాల్సిన కూడు నీ హీటరు మేసింది’ అన్నారు. మెదెర్ అన్నయ్య నవ్వాడు. టికెట్లిచ్చే అమ్మాయిలూ నవ్వారు. ‘నెలాఖరుకి ఈ గది నీ చేతిలో పెడదామనుకున్నా, నీళ్లు దాచడమే రాని దానికి’ అని కూడా అన్నారు. ఆ మాటకి మాత్రం అన్నయ్య నవ్వలేదు.”

“నువ్వు వెళ్లేటప్పుడు డ్రమ్ము ఎలా ఉంది?”

“తెరిచే ఉంది. నేను మూత పెట్టబోతే వద్దన్నారు. ‘ఇలాగే ఉండనీ, హీటరూ పంపూ ఆడనీ. పొద్దున కొలిచి, ఇంకెంత పడిందో నీ మొహాన రాస్తా’ అన్నారు.”

“రేపట్నుంచి రావద్దన్న మనిషి, పొద్దున నీ మొహాన ఎలా రాస్తాడమ్మా?”

రెండు రోజులుగా ఈ ప్రశ్న జిపార్‌కు తట్టలేదు. ఇప్పుడు తట్టగానే, అరెస్టు చేసినప్పుడు కూడా రాని కన్నీళ్లు వచ్చాయి.

“ఆయన అంతేనక్కా,” అంది. “పొమ్మంటారు. పొద్దున ఇంకా రాలేదేమని ఫోన్ చేస్తారు.”

*

పదకొండు గంటలకు నేలమాళిగ గది తలుపుకు అంటించిన ముద్రకాగితాన్ని మేజర్ ఎర్మెక్ స్వహస్తంతో చింపాడు. అది ఒకప్పటి మాంసం నిలవచేసే చలిగది. గోడలు మందం, కిటికీలు లేవు. తలుపు అంచుల చుట్టూ రబ్బరు, తెరవడానికి బయట మాత్రమే ఇనుప పిడి. లోపలి పిడి ఎప్పుడో ఊడిపోయింది. అందుచేత అక్కడ పనిచేసేవారు తలుపు పూర్తిగా మూసుకుపోకుండా ఉప్పు బస్తా ఒకటి అడ్డంపెట్టుకుంటారు. మెదెర్ ఆ బస్తాను కాలితో తోసి సర్దాడు. ముప్పై ఐదేళ్లవాడు. తెమిర్‌కుల్ తొలి శిష్యుడు, నిన్న ఉదయం శవాన్ని మొదట చూసినవాడు. అంత్యక్రియల కోసం నల్ల కోటు తొడుక్కుని వచ్చాడు.

“పదవి దిగాక ఎవరైనా మనవల్ని ఆడిస్తారక్కా,” అన్నాడు ఎర్మెక్. ఒకప్పుడు కాలిచా దగ్గర పని నేర్చుకున్నవాడే. “మీరు డ్రమ్ములు ఆడిస్తున్నారు.”

“మనవలూ నీలాంటివాళ్లే ఎర్మెక్. ఒక ప్రశ్నకి జవాబు దొరగ్గానే రెండోది అడగడం మానేస్తారు.”

“రెండో ప్రశ్న ఏముంది? నీళ్ల పీహెచ్ ఆరు పాయింట్ రెండు. సముద్రపు నీళ్లకి ఎనిమిది దాటి ఉండాలట. ఆసిడ్ సీసా సగం ఖాళీ. కార్డు ఆ పిల్లది. ఇంకేం కావాలి, ఆసిడే వచ్చి వాంగ్మూలం ఇవ్వాలా?”

“అడిగితే ఇస్తుంది.”

ఆమె మొదట పనులపుస్తకం చూసింది. తెమిర్‌కుల్ చేతివ్రాత పొందికగా ఉంది. మొన్నటి చివరి నమోదు ఇది: ఐదూ ఐదు నిమిషాలు, క్షారత 6.9, పీహెచ్ 8.3, మూత లేదు, హీటరుపై సున్నం గోరు మందం. తరువాత నిన్న ఉదయం పోలీసులు తీసిన ఫోటోను దాని పక్కన పెట్టింది. ఫోటోలో డ్రమ్ముకు మూత ఉంది. చుట్టూ ఇనుప పట్టీ బిగించి ఉంది.

“మెదెర్, నిన్న నువ్వు లోపలికొచ్చింది ఎన్నింటికి?”

“ఆరూ ఐదుకి. కార్డులో పడి ఉంటుంది కదండీ.”

“అంబులెన్స్‌కి ఫోన్ చేసింది ఆరూ నలభైకి.”

“కోటు మార్చుకున్నా. రొట్టె, టీ తీసుకున్నా. చేపలకి మేత కలిపా. తర్వాత ఇటొచ్చా.”

“ఆయన్ని చూశాక ఏం ముట్టుకున్నావు?”

“ఏమీ లేదు. చెయ్యి చల్లగా తగిలింది. పైకి పరిగెత్తా. కింద ఫోన్ పలకదు.”

“ఆ ముప్పై అయిదు నిమిషాలూ రొట్టే తిన్నావా?” అని కాలిచా మామూలుగా అడిగింది.

“పళ్లు బాగోలేవండీ,” అన్నాడు మెదెర్. ఎర్మెక్ నవ్వాడు. కాలిచా నవ్వలేదు.

గది మూలలో నిలువెత్తు గాజుగొట్టం ఒకటి ఉంది. దానినిండా చచ్చిన పగడాల ముక్కలు. కార్బన్ డయాక్సైడ్‌ను అందులోకి కొద్దికొద్దిగా పంపితే ముక్కలు కరిగి, పైనున్న పెద్ద తొట్టిలోని పగడాలకు ఆహారమవుతాయి. ఆ వాయువు సిలిండర్ బయట నడవాలో ఉంటుంది. అక్కడి నుంచి సన్నని రబ్బరు గొట్టం గోడగుండా లోపలికి వస్తుంది. కాలిచా వంగి చూసింది. రబ్బరు గొట్టం కొస గాజుగొట్టానికి తగిలించి లేదు. డ్రమ్ము వెనుక నేలపై ఉంది.

“అది అప్పుడప్పుడు ఊడిపోతుంది,” అని మెదెర్ ముందుకు వంగాడు. “పెట్టేస్తా.”

“ఉండనీ. సిలిండర్‌లో గ్యాస్ ఉందా?”

“ఉంది. పొద్దున్నే కొత్తది బిగించా. పాతది అయిపోయింది.”

“పాతది తెచ్చింది ఎప్పుడు?”

“గుర్తులేదండీ.”

“నాకు గుర్తుంది. పైన రసీదు చూసే దిగా. ఆదివారం. ఒక్కోటి నాలుగు నెలలు వస్తుందని పై పుస్తకంలో మాస్టారే రాశారు. ఇది నాలుగు రోజులకే అయిపోయింది.”

“అక్కా, గ్యాస్ లెక్కలు తర్వాత చూసుకుందాం,” అన్నాడు ఎర్మెక్ గడియారం చూస్తూ. “ఒంటిగంటకి ముసలాయన్ని మట్టిచేస్తున్నారు. ఇంటిముందు వేసిన ఊలుడేరాలో పడుకోబెట్టి ఆడవాళ్లు నిన్నట్నుంచి ఏడుస్తున్నారు. శవపరీక్ష అంటే ఆయన భార్య నా చొక్కా పట్టుకుంది. కోసిన ఒంటిని నేలకివ్వను అంది. ఇక మీరూ నేనూ చేసేదేముంది?”

“కొలిచేదుంది. డ్రమ్ము తెరువు మెదెర్.”

అతడు పట్టీ వదులుచేసి మూత ఎత్తాడు. ఆమె సిరంజితో నీరు లాగగానే అతని చెయ్యి మూతను తిరిగి డ్రమ్ముపై ఉంచింది. “తెరిచే ఉంచు,” అంది కాలిచా. అతడు మళ్లీ తీశాడు. హీటరును పైకెత్తమంది. ఎత్తాడు. గాజు నున్నగా, తళతళలాడుతూ ఉంది. గోరు మందం సున్నం ఆనవాలైనా లేదు.

“చూశారా, ఆసిడే కడిగేసింది,” అన్నాడు ఎర్మెక్.

“ఆసిడ్ అయితే ఇప్పుడు తేలిపోతుంది. నీ మనుషులు పీహెచ్ ఒక్కటే చూశారు. క్షారత ఎవరూ కొలవలేదు. క్షారత అంటే ఏంటో తెలుసా? ఆసిడ్‌ని మింగి తట్టుకునే శక్తి. ఆసిడ్ పోస్తే ముందు ఖర్చయ్యేది అదే. పీహెచ్ ఆరుకి దిగేంత పోసి ఉంటే, ఇందులో నాలుగు డిగ్రీల క్షారత కూడా మిగలకూడదు. ఈ నీళ్లు నీలంగా ఉన్నంతసేపూ మిగిలి ఉన్నట్టు. పసుపుగా మారిన చోట అయిపోయినట్టు. నువ్వే లెక్కపెట్టు.”

చిన్న గాజుకుప్పెలోని నీటికి ఆమె రంగు కలిపింది. నీలమైంది. గీతలున్న సిరంజితో పరీక్షద్రవాన్ని చుక్కచుక్కగా విడిచింది; ఒక్కో గీత ఒక్కో డిగ్రీ. ఎర్మెక్ విసుగ్గా మొదలుపెట్టాడు. ఒకటి. రెండు. మూడు. నాలుగు దగ్గర అతడి గొంతు తగ్గింది. ఐదు. ఆరు. నీటి రంగు మారలేదు. ఏడు వద్ద అతడు బల్లకు దగ్గరగా జరిగాడు. ఎనిమిది దాటాక కాలిచా వేగం తగ్గించింది. ఎనిమిది పాయింట్ మూడు దగ్గర నీలం విరిగి పసుపైంది.

“మళ్లీ చెయ్యండి,” అన్నాడు ఎర్మెక్.

మళ్లీ చేసింది. ఎనిమిది పాయింట్ మూడు.

“మొన్న సాయంత్రం ఆరు పాయింట్ తొమ్మిది ఉన్న నీళ్లు,” అంది కాలిచా. “తగ్గలేదు. పెరిగాయి. హీటరు మీద సున్నం కరిగి మళ్లీ నీళ్లలో కలిసింది. ఆసిడ్ పోయకుండా నీళ్లను పుల్లబెట్టేది, సున్నాన్ని కరిగించేది, క్షారతని మాత్రం ముట్టనిది ఒక్కటే ఉంది. సోడా సీసాలో బుస్సుమనేది.”

ఎర్మెక్ నేలపై ఉన్న రబ్బరు గొట్టాన్ని చూశాడు. ఈసారి ఎవరూ చూపించకుండానే చూశాడు.

“ఆరువందల లీటర్ల నీళ్లు ఇంత గ్యాస్ మింగాయంటే, అది గదినిండా ఉండాలి. గంటల తరబడి. ఆ గదిలో మనిషున్నాడు ఎర్మెక్. ఆయన గుండె తనంతట తాను ఆగలేదు.”

“సోడా అంటున్నారు. రుజువు?”

“సోడా మూత తీసి ఉంచితే ఏమవుతుంది? చప్పబడుతుంది.” ఆమె ఒక గ్లాసులో డ్రమ్ము నీరు పోసి, పీహెచ్ కొలిచే పరికరం అందులో ముంచి, చిన్న గాలిపంపు గొట్టం వదిలింది. బుడగలు లేచాయి. “ఇది చుట్టూ ఉన్న గాలినే నీళ్లలోకి కొడుతుంది. గ్యాసే అయితే బయటికి పోయి, అంకె ఎనిమిది దాటి ఎక్కుతుంది.”

ముగ్గురూ ఆ చిన్న తెరనే చూస్తూ నిలుచున్నారు. ఆరు పాయింట్ రెండు. ఆరు పాయింట్ ఏడు. చాలాసేపటికి ఏడున్నర. నీటిని చల్లబరిచే యంత్రం హోరు తప్ప గదిలో మరో శబ్దం లేదు. అంకె ఎనిమిదికి చేరినప్పుడు పన్నెండూ ఇరవై ఎనిమిది అయింది.

“నేను వెళ్లాలి,” అన్నాడు మెదెర్. “మాస్టారికి కొడుకుల్లేరు. పాడెకి ముందు భుజం నేనే పట్టాలి.”

“వెళ్లు,” అన్నాడు ఎర్మెక్. “సాయంత్రం దాకా ఊరు దాటకు.”

మెదెర్ తలుపువైపు రెండడుగులు వేశాడు. డ్రమ్ము దగ్గర ఆగాడు. అతడి చేతులు మూతను అందుకుని డ్రమ్ముపై కూర్చోబెట్టాయి. అరచేత్తో చుట్టూ నాలుగు చోట్ల నొక్కి, పట్టీ బిగించాయి. ఆ సమయంలో అతడి చూపు తలుపుపై ఉంది, డ్రమ్ముపై లేదు. కాళ్లకు అడ్డొచ్చిన బస్తాను జరిపి బయటికి నడిచాడు. తలుపు అతని వెనుక మెత్తగా మూసుకుంది.

“ఎర్మెక్,” అంది కాలిచా, “అతను వెళుతూ ఏం చేశాడు?”

“ఏం చేశాడు? వెళ్లిపోయాడు.”

“మూత పెట్టాడు. తెరిచి ఉంచమని చెప్పా. అయినా పెట్టాడు. పదిహేనేళ్లుగా మాస్టారు నేర్పిన చెయ్యి అది. మొన్న సాయంత్రం డ్రమ్ము తెరిచి ఉంది. పుస్తకంలో ఉంది. గ్యాస్ నిండినప్పుడూ తెరిచే ఉంది, లేకపోతే నీళ్లు మింగేవి కావు. నిన్న పొద్దున నీ ఫోటోలో మూత ఉంది. అంటే గ్యాస్ నిండిన తర్వాత ఎవరో పెట్టారు. చచ్చిన మనిషి లేచి పెట్టడు. జిపార్‌కి ఆ మూతంటేనే గిట్టదు. గొడవే దాని మీద.”

ఎర్మెక్ మెల్లగా బల్లపై చేయి ఆనించాడు. “ఆరూ ఐదు నుంచి నలభై దాకా.”

“జిపార్ బల్ల మీద విసిరిన కార్డుతోనే రాత్రి వచ్చాడు. పొద్దున తలుపు బార్లా తెరిచి గాలి తోలించాడు. ఎవరికీ వాసన రాదు, కనబడదు. శరీరాన్ని కోసినా దొరకదు, మన ఒంట్లో ఎలాగూ ఉండే గ్యాసే అది. అంతా తుడిచేశాడు. కానీ డ్రమ్ము తెరిచి ఉండటం చూడలేకపోయాడు. నీళ్లు చెడిపోతే పైన పగడాలు చస్తాయి కదా. గురువుని చంపినవాడు ఆ నీళ్లని మాత్రం కాపాడాడు. మూత బిగించి, తన మీద సాక్ష్యాన్ని తనే భద్రం చేశాడు. నిన్న మధ్యాహ్నానికల్లా నువ్వు గదికి ముద్రవేసి తాళం పెట్టావు. మళ్లీ లోపలికి రాలేకపోయాడు.”

ఎర్మెక్ గడియారం చూశాడు. పన్నెండున్నర దాటింది.

“కోర్టుకి ఫోన్ చేస్తా,” అన్నాడు. “ఆ పిల్లని... నేనే చెబుతా.” ఫోన్ తీసి చూసి, ఇక్కడ పలకదని గుర్తొచ్చి తలుపు దగ్గరికి వెళ్లాడు. భుజంతో తోశాడు. మళ్లీ తోశాడు. “అక్కా, బస్తా ఏది?”

కాలిచా గ్లాసును చూస్తోంది. బుడగలు యథావిధిగా లేస్తున్నాయి. గాలిపంపు గదిలోని గాలినే నీటిలోకి కొడుతోంది. ఎనిమిది పాయింట్ ఒకటికి ఎక్కిన అంకె ఎనిమిదైంది. ఏడు పాయింట్ ఎనిమిదైంది. ఏడు పాయింట్ ఆరు.

యంత్రం హోరు చాటున, డ్రమ్ము వెనుక నేల దగ్గర, ఇంకొక సన్నని చప్పుడు ఉంది. ఆమె వంగి రబ్బరు గొట్టాన్ని మడిచి పట్టుకోబోయింది. మంచు పట్టి కొయ్యలా బిగిసిన ఆ గొట్టం వంగలేదు. అరచేతి చర్మం దానికి అంటుకుని ఊడింది.

“బల్ల ఎక్కు. ఇది బరువైన గాలి, కిందనుంచి నిండుతుంది.”

ఎర్మెక్ ఎక్కలేదు. పిడికిళ్లతో తలుపును బాదుతున్నాడు. మాంసం కోసం కట్టిన ఆ తలుపు చప్పుడునైనా బయటికి పోనివ్వలేదు. కాలిచా డ్రమ్ము పట్టీ విప్పి, మూడు సీసాలను నీటి లోపలే ముంచి, ఒక్క బుడగ కూడా మిగలకుండా అంచుదాకా నింపి, నీటిలోనే బిరడాలు బిగించింది. వాటితో బల్ల ఎక్కి, తుడిచి చీటీలు అంటించింది. ముక్కులో సోడా పొంగినట్టు చురచురలాడింది. ఆమె ఊపిరి అప్పటికే పరుగెత్తిన మనిషి ఊపిరిలా ఉంది. అయినా అక్షరాలు వంకర పోలేదు: క్షారత 8.3, పీహెచ్ 6.2, మెదెర్, మూత.

“తలుపు కొట్టడం ఆపి ఇటు రా. సంతకం పెట్టు.”

“ఇప్పుడు సంతకమేంటక్కా! చస్తుంటే!”

“రెండింటికి ఆ పిల్ల కోర్టులో నిలబడుతుంది. పన్నెండున్నరకి పైకి రమ్మని మీ డ్రైవర్‌కి చెప్పావు. మనం రాకపోతే ఎప్పటికో ఒకప్పటికి వెతుక్కుంటూ దిగుతాడు. మనం వెళ్లినా వెళ్లకపోయినా ఇవి వెళ్లాలి. నా సంతకం ఒక్కటే ఉంటే, డబ్బు తీసుకున్న ముసలిదాని మాట అంటారు. నీది కావాలి.”

ఎర్మెక్ ఆమెను చూశాడు. తరువాత బల్ల ఎక్కి, ఆమె పక్కన మోకాళ్లపై కూర్చుని, మూడు చీటీలపైనా సంతకం చేశాడు. ఆమె అడగకుండానే ఒక్కొక్కదాని కింద సమయం కూడా వేశాడు: పన్నెండూ నలభై నాలుగు. మూడో సీసా కింద పెట్టేసరికి గ్లాసులో అంకె ఏడుకు దిగింది.